మస్కట్ దామోదర్

మారతహళ్ళి వంతెన దగ్గర దిగి మస్కట్ దామోదర్ ఎక్కడని అడిగితే ఆటోవాళ్లు కూడా మారుమాట లేకుండా దారి చూపించేవారు. మందుల షాపు పక్క సందులో పచ్చటి బోర్డు ఉండేది. 'మస్కట్ మోటార్ డ్రైవింగ్ స్కూల్' అని పెద్దక్షరాలు, 'విదేశాలకు వెళ్లేవారికి ప్రత్యేక శిక్షణ' అని కింద చిన్నక్షరాలు. మొదట్లో కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ ఉండేది. కంప్యూటర్ ఉద్యోగాల తెలుగువాళ్లు ఎక్కువయ్యాక తెలుగులో కూడా రాయించారు. అలా ఒకే అబద్ధం మూడు భాషల్లో వేలాడుతూ ఉండేది. దామోదర్ మస్కట్ వెళ్లలేదు. మస్కట్ మాట అలా ఉంచండి, సముద్రం దాటి ఏ నేల మీదా అతని చెప్పు ఆనలేదు.

ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే బెంగుళూరు మొత్తంలో ఇది తెలిసినవాడు ఒక్కడే, ఆ ఒక్కడూ దామోదరే. కట్టుకున్న భార్యకు తెలియదు, పిల్లనిచ్చిన మామకు తెలియదు. తొమ్మిదేళ్లు ఆ బరువును అతనొక్కడే మోశాడు. చదివేవాళ్లు కూడా కాసేపు ఒక చెయ్యి వేస్తే తప్పులేదు.

అతనేమీ పుట్టు మోసగాడు కాదు. బెంగుళూరు పక్కన చందాపురలో టెంపో నడుపుకునే కుర్రాడు. ఎనభై ఎనిమిదిలో ఒక ఏజెంటు మస్కట్‌లో డ్రైవరు ఉద్యోగమని చెబితే నమ్మి, వీధి వీధంతా స్టేషన్‌కు వచ్చి మెడలో దండలు వేసి పంపిస్తే రైలెక్కాడు. బొంబాయిలో దిగేసరికి ఏజెంటు గది తాళం వేసి ఉంది. వారం తిరిగాడు, నెల తిరిగాడు. ఆ తాళం తుప్పు పట్టింది కానీ తెరుచుకోలేదు. దండలు వేసినవాళ్ల ముందుకు ఉత్త చేతులతో వెళ్లడానికి ముఖం చెల్లక, ఒక ఐస్ ఫ్యాక్టరీలో టెంపో నడుపుతూ మూడేళ్లు అక్కడే ఉండిపోయాడు.

ఆ మూడేళ్లూ అతనితో ఒకే గదిలో ఉన్నది రాయచోటి మహబూబ్ బాషా. అతను మాత్రం నిజంగానే ఆరేళ్లు మస్కట్‌లో కారు నడిపి వచ్చినవాడు. మళ్లీ వీసా ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ, సాయంత్రం అన్నం వండుకునేటప్పుడు రోజూ ఆ ఊరి రోడ్ల గురించే చెప్పేవాడు. కుడివైపు నడపడం, రౌండు చుట్టూ ఎటు నుంచి తిరగాలి, హారన్ ఎందుకు కొట్టకూడదు, ఒంటె అడ్డం వస్తే ఏం చెయ్యాలి. దామోదర్ చెవులప్పగించి వినేవాడు. మూడేళ్లు విన్నాక ఆ ఊళ్లో తను కూడా నడిపినట్టే అనిపించేది.

తొంభై ఒకటిలో ఊరికి తిరిగొచ్చేటప్పుడు బొంబాయి బజారులోనే ఒక టేపురికార్డరు, సెంటు సీసా, పులిబొమ్మ దుప్పటి, ఖర్జూరం డబ్బా కొనుక్కున్నాడు. అబద్ధం చెప్పాలని కాదు, అడిగితే చెప్పకుండా తప్పించుకోవచ్చని. బస్సు దిగీ దిగగానే ఎవరో 'మస్కట్ దామోదర్ వచ్చినాడురా' అన్నారు. అతను అవునని అనలేదు, కాదని కూడా అనలేదు. పెళ్లిచూపుల్లో కాబోయే మామ చిక్కమునియప్ప, 'ఏమప్పా, ఆడ ఎండ శానా ఎక్కువంట కదా?' అని అడిగాడు. 'అవును మామా, శానా ఎక్కువ' అన్నాడు దామోదర్. ఆ ఒక్క ముక్కతో పని పూర్తయింది. స్కూలు పెట్టినప్పుడు బోర్డు మీద మస్కట్ పేరు రాయించింది కూడా ఆ మామే, అల్లుడి మీద ముచ్చటతో.

అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి. పాఠం చెప్పడంలో దామోదర్‌కు వంక పెట్టలేం. మారతహళ్ళి అవతల సైట్లు వేసి, ఇంకా ఇళ్లు కట్టని ఖాళీ లేఅవుట్ ఉండేది. తారు రోడ్లు మాత్రం పడ్డాయి. అక్కడ ముగ్గుపిండితో గీతలు గీసి, అట్టముక్క మీద స్టాప్ అని రాసి కర్రకు కట్టి, అమెరికా వెళ్లేవాళ్లకు కుడివైపు నడపడం నేర్పేవాడు. ఒకరోజంతా వాళ్లను ఎడమ సీట్లో కూర్చోబెట్టేవాడు. స్కూలు కారులో మాస్టరు వైపు కూడా క్లచ్చు, బ్రేకు ఉంటాయి కదా, ఆ బ్రేకు మీద వాళ్ల కాలు పెట్టించి, స్టీరింగు తను పట్టుకుని, అటు నుంచి రోడ్డు ఎలా కనిపిస్తుందో చూపించేవాడు.

'రోడ్డు నడుమ గీత ఉండాది చూడండి. ఏ దేశమైనా సరే, డ్రైవరు ఆ గీత పక్కనే కూర్చోని ఉండాల. మీరు అంచులో మోరీ పక్కన ఉండారంటే తప్పు సైడులో పోతా ఉండారని అర్థం' అనేవాడు. 'బండ్లు ఉండే రోడ్డుకు భయపడొద్దండి, ముందరోడి వెనకాలే పోతారు. ఖాళీ రోడ్డే మోసం చేస్తాది. పెట్రోల్ బంకు నుంచి ఒంటిగా బయటికొచ్చినప్పుడు చెయ్యి మనూరి సైడుకే తిరుగుతాది' అనేవాడు. 'ఆడ మీటలు తారుమారు కదా, ఇండికేటర్ వేయబోతే వైపర్లు తిరుగుతాయి. నవ్వుతారని సిగ్గుపడొద్దండి, అందరికీ అయ్యేదే' అనేవాడు. ఇవన్నీ నిజమే. విదేశాల నుంచి తిరిగొచ్చిన పాత విద్యార్థులను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, 'మా మస్కట్‌లో ఇట్ల ఉండె, మీ దిక్కు ఎట్ల?' అని మెల్లగా లాగి, నోటుపుస్తకంలో రాసుకునేవాడు. తను వెళ్లలేదు కాబట్టే అంత శ్రద్ధగా అడిగేవాడు. నిజంగా వెళ్లొచ్చినవాడైతే సగం మర్చిపోయి ఉండేవాడు.

పాఠమంతా అయ్యాక ఒక్కటే చిక్కు. ఏ ప్రశ్నకైనా 'నాకు తెలియదు' అనే అవకాశం అతనికి లేదు. మూడేళ్లు నడిపినవాడికి తెలియకపోవడమేమిటి? మిగతా మాస్టర్లు తెలియదంటే తెలియదంతే. దామోదర్ అదే మాట అంటే మాత్రం బోర్డు మీద పేరు ప్రశ్నార్థకమవుతుంది. ఎవరైనా కొత్త ప్రశ్న వెయ్యడానికి నోరు తెరిస్తే చాలు, అతనికి అరచేతులు చెమట పట్టేవి. తొమ్మిదేళ్లలో ఎండలో కూర్చున్నందుకు పట్టిన చెమటకన్నా అది ఎక్కువేమో.

రెండు వేల సంవత్సరం వేసవిలో వర్షిణి వచ్చింది. గుంటూరమ్మాయి, ఇరవై ఆరేళ్లు, కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం. ఆరు నెలల పని మీద టెక్సాస్‌లో ఒక చిన్న ఊరికి పంపుతున్నారు. ఆ ఊళ్లో బస్సుల్లేవు, ఆటోల్లేవు, ఆఫీసు పన్నెండు మైళ్లు. కారు నడపడం వస్తేనే ఉద్యోగం. రాకపోతే వేరేవాళ్లను పంపుతారు. మొదటి రోజు స్టీరింగు పట్టుకుంటే ఆ పిల్ల చేతులు వణికాయి. కానీ మాస్టరు నోట్లోంచి ఊడిపడిన ప్రతి మాటా నంబరు వేసి రాసుకునేది. చెప్పింది చెప్పినట్టు చేసేది. దామోదర్ భార్య మునిలక్ష్మికి ఆ పిల్ల అంటే ప్రాణం అయిపోయింది. ఆఫీసు టేబుల్ దగ్గర దరఖాస్తులు రాసుకుంటూ కూర్చునే మునిలక్ష్మి, వర్షిణి వస్తే పెన్ను పక్కన పెట్టి రాగి ముద్ద తినడం ఎలాగో నేర్పేది.

ఆఖరి రోజున ఇరవై ఎనిమిది సూచనలు పూర్తయ్యాయి. వర్షిణి పుస్తకం మూసినట్టే మూసి మళ్లీ తెరిచింది.

'సర్, ఇంకో త్రీ డౌట్స్. ఎదురు కారు హెడ్‌లైట్ ఫ్లాష్ చేస్తే ఏంటి మీనింగ్? అంబులెన్స్ వెనక వస్తే ఏం చేయాలి? పోలీస్ ఆపితే?'

ఇంతకాలంలో ఎవరూ అడగనివి ఆ మూడూ. మహబూబ్ బాషా చెప్పలేదు, తనూ అడగలేదు. తెలియదు అనలేడు. దాంతో బెంగుళూరులో తనకు తెలిసిందే తీసి అమెరికాకు అంటించాడు. లైటు కొడితే నేనొస్తున్నా నువ్వాగు అని అర్థమన్నాడు. అంబులెన్స్ వస్తే దానికంటే ముందు వేగంగా పోయి దారి విడవాలన్నాడు. మూడోదానికి కాస్త మసాలా కూడా దట్టించాడు.

'అదేముంది మేడమ్, యా దేశం పోలీసైనా పోలీసే. బండి ఓరగా నిలిపేసి, ఆయన మీ దగ్గరికి రాకముందే మీరే దిగి ఆయన దగ్గరికి పోవాల. బ్యాగులోంచి కాగితాలు తీసుకుంటా బిరబిరా పోవాల. లోపలే కూర్చోనుంటే పొగరనుకుంటారు. నన్ను మస్కట్‌లో రెండుసార్లు ఆపినారు. దిగి పోయి సలాం పెట్టినా. రెండోసారి ఆయనే నా చెయ్యి పట్టుకోని ఊపి పంపించినాడు.'

అంతటితో ఊరుకున్నా బాగుండేది. అలవాటు కావాలని తనే పోలీసులా వెనక నిలబడి ఈల వేశాడు. వర్షిణి కారు ఆపడం, తలుపు తీయడం, బ్యాగులో చెయ్యి పెట్టి కాగితాలు వెతుక్కుంటూ అతని వైపు పరుగెత్తడం. ఒకసారి కాదు, పదిసార్లు చేయించాడు. పదోసారికి ఆ పిల్ల ఈల పూర్తి కాకముందే దిగి పరుగెత్తింది. దామోదర్ భేష్ అన్నాడు. నాలుగో రోజు ఆమె విమానం ఎక్కింది.

మూడు వారాలు గడిచాయి. ఒక ఆదివారం పొద్దున రాజగోపాల్ వచ్చాడు. ఏడాది కిందట దామోదర్ దగ్గర నేర్చుకుని అమెరికా వెళ్లి, వారం కిందటే తిరిగొచ్చిన నెల్లూరు కుర్రాడు. చాక్లెట్ల ప్యాకెట్టు మునిలక్ష్మి చేతిలో పెట్టి, 'మీ గీత సూత్రం వల్లే బతికిపోయాను మాస్టారూ' అని మొదలెట్టాడు. దామోదర్ ఎప్పటిలాగే నోటుపుస్తకం తీశాడు. మాటల్లో రాజగోపాల్ తన ఆఫీసు వాడి కథ చెప్పాడు.

'పాపం, వచ్చిన కొత్త. స్పీడింగ్‌కి కాప్ ఆపాడు. మనోడు ఇండియా స్టైల్లో దిగి, జేబులో చెయ్యి పెట్టి లైసెన్స్ తీస్తూ వాడి వైపు నడిచాడు. అంతే, గన్ తీశాడు మాస్టారూ. నేల మీద పడుకోబెట్టి, చేతులు వెనక్కి విరిచి బేడీలేశారు. చెయ్యి లోపల పెట్టాడు కదా, గన్ తీస్తున్నాడనుకున్నారు. అసలు కార్లోంచి దిగకూడదు. రెండు చేతులూ స్టీరింగ్ మీద కనిపించేలా పెట్టి, కదలకుండా కూర్చోవాలి. వాళ్లే వచ్చి అడుగుతారు. వాడింకో అడుగు వేసుంటే కాల్చేసేవాళ్లే. మీ మస్కట్‌లో కూడా ఇంతేగా?'

'అంతే, అంతే' అన్నాడు దామోదర్. మునిలక్ష్మి తెచ్చిన కాఫీ అతని చేతిలో అలాగే చల్లారిపోయింది. రాజగోపాల్ ఇంకా ఏదేదో చెబుతున్నాడు. అతని కళ్ల ముందు మాత్రం ఈల పూర్తి కాకముందే తలుపు తీసుకుని, బ్యాగులో చెయ్యి పెట్టుకుని పరుగెత్తే వర్షిణి తప్ప ఇంకేమీ లేదు.

ఆమె నంబరు ఇంట్లోనే ఉంది. వెళ్లేముందు 'అక్కా, ఏదైనా ఉంటే ఫోన్ చేయండి' అని మునిలక్ష్మికి రాసిచ్చింది. ఫోను చేసి ఆ మూడోది తప్పు, కార్లోంచి దిగొద్దు అంటే సరిపోతుంది. చెప్పడానికి ఒక నిమిషం పని. కానీ ఎందుకు మార్చారని అడిగితే? రెండుసార్లు ఆపారన్నారే, చెయ్యి ఊపాడన్నారే అంటే? ఆ పిల్ల ఊరికే వదిలే రకం కాదు, ఒక దారం పట్టుకుంటే చీరంతా విప్పుతుంది. మస్కట్ వేరు, అమెరికా వేరు అని తప్పించుకుందామంటే, యా దేశం పోలీసైనా పోలీసే అన్నది ఎవరు? పైగా ఆ నంబరు మునిలక్ష్మి దగ్గరుంది. ఎందుకని ఆమె అడుగుతుంది. నేనూ మాట్లాడతానంటుంది.

నాలుగు రోజులు అతను కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ఆఫీసులో ఎవరో ఒకరు ఆమెకు చెప్పే ఉంటారు అనుకునేవాడు. ఆ పిల్ల మెల్లగా నడుపుతుంది, పోలీసు ఎందుకు ఆపుతాడు అనుకునేవాడు. అనుకున్న ప్రతిసారీ అరగంట ఊపిరి ఆడేది, మళ్లీ బిగుసుకునేది. క్లాసులో విద్యార్థి బ్రేకు వెయ్యకముందే తనే తొక్కేసేవాడు. ఒకమ్మాయి విసుక్కుని, 'నన్నెందుకు నడపనివ్వరు సర్?' అని అడిగేసింది. ఏడేళ్ల కూతురు చైత్ర, బడిలో 'మా నాన్న' మీద వ్యాసం రాస్తే పది మార్కులకు తొమ్మిది వచ్చాయని చూపించింది. మొదటి వాక్యంలోనే మస్కట్ ఉంది. చదివి బాగుందన్నాడు. అనకేం చేస్తాడు?

అయిదో రోజు సాయంత్రం వంతెన దగ్గర ట్రాఫిక్ పోలీసు అతని కారును చెయ్యెత్తి ఆపాడు. మామూలు తనిఖీ. ఆలోచించకుండానే దామోదర్ కారు ఓరగా ఆపాడు, తలుపు తీశాడు, డ్యాష్‌బోర్డులోంచి కాగితాలు లాక్కుని 'నమస్కార సార్' అంటూ పరుగెత్తాడు. పోలీసు కాగితాలు చూసి పొమ్మన్నాడు. తిరిగొచ్చి కారు తలుపు పట్టుకున్నాక దామోదర్ తన కాళ్ల వంక చూసుకున్నాడు. కాళ్లు వాటంతటవే పరుగెత్తాయి. బుర్రను అడగనేలేదు. ఇలాంటి కాళ్లనే ఆ పిల్లకు పదిసార్లు తోమి మరీ ఇచ్చాడు తను. ఆఫీసులో ఎవరో చెప్పిన మాట గుర్తొచ్చేలోపే అవి దిగి పరుగెత్తుతాయి. ఆ పిల్ల చనిపోతే చంపింది తనే అని అతనికి ఆ ఫుట్‌పాత్ మీద నిలబడి ఉండగా స్పష్టంగా అర్థమైంది.

మర్నాడు పొద్దున ఏడు గంటలకు, అంటే అక్కడ ముందురోజు రాత్రి, ఐఎస్‌డీ బూత్‌కు బయలుదేరాడు. అనుకున్నట్టే మునిలక్ష్మి కూడా చెప్పులేసుకుంది.

'ఎందుకొస్తా ఉండావు? నేను మాట్లాడొస్తాలే.'

'ఆ బిడ్డతో నేను రెండు మాటలు మాట్లాడకూడదా ఏం? నువ్వు బేగ నడువయ్యా.'

వద్దనడానికి ఒక్క కారణమూ తోచలేదు. బూత్‌లో ఫ్యాను లేదు. దామోదర్ లోపల స్టూలు మీద కూర్చుంటే, గాలి రావడానికి మునిలక్ష్మి అద్దం తలుపు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. మూడోసారికి లైను కలిసింది.

'అయ్యో సర్, మీరా! ఎంత సర్‌ప్రైజ్! రోజూ డ్రైవ్ చేస్తున్నాను సర్, మీ పాయింట్స్ రాసుకున్న నోట్‌బుక్ సీట్ పక్కనే ఉంటుంది' అంది వర్షిణి. గొంతు నిండా సంతోషం.

'మేడమ్, ఒకటి చెప్పాల. పోలీసు ఆపితే దిగొద్దండి. కార్లోనే కూర్చోని చేతులు స్టీరింగ్ మీద పెట్టుకోండి. బ్యాగులో చెయ్యి పెట్టొద్దండి.'

'ఇక్కడ టీమ్‌లో కూడా అదే అన్నారు సర్. నేనే ఆర్గ్యూ చేశాను. మా సర్ మస్కట్‌లో స్వయంగా దిగి వెళ్లారు, మీకేం తెలుసు అన్నాను. మరి ఇప్పుడేంటి సర్?'

'అది... మస్కట్ వేరే, అమెరికా వేరే మేడమ్.'

అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు.

'సర్, ఇందులో థర్టీ వన్ పాయింట్స్ ఉన్నాయి. ఏవి మస్కట్‌వి, ఏవి అమెరికావి? నేను ఏది నమ్మాలి? కళ్లు మూసుకుని ఇవే ఫాలో అవుతున్నాను.' ఆమె గొంతు మారిపోయింది. మొదటి రోజు స్టీరింగు మీద వణికిన చేతులే దామోదర్‌కు గుర్తొచ్చాయి. 'రేపు మార్నింగ్ సిక్స్‌కి ఫ్రీవే ఎక్కాలి. నాకు భయమేస్తోంది సర్. ఇవి మీరు నిజంగా చేసినవా, ఎవరైనా చెప్పినవా? ప్లీజ్, అది చెప్పండి చాలు.'

దామోదర్ వెనక్కి చూడలేదు. అద్దంలో మునిలక్ష్మి నీడ కనిపిస్తూనే ఉంది. ఇంకో అబద్ధం నాలుక చివరకు వచ్చింది కూడా. రెండు దేశాలకూ సరిపోయేలా అతికించిన మంచి అబద్ధం. కానీ దాన్ని నమ్మి ఆ పిల్ల రేపు ఆరింటికి రోడ్డెక్కుతుంది.

'నేను మస్కట్ పోలేదు మేడమ్' అన్నాడు. 'యా దేశమూ పోలేదు. బొంబాయిలో ఐస్ టెంపో తోలినా, అంతే. ఇవన్నీ విన్నవి. పుస్తకం తీయండి. ఏది యెవరు చెప్పింది ఒక్కొక్కటే చెప్తా.'

వర్షిణి తిట్టలేదు, అయ్యో అనలేదు. 'వన్ చెప్పండి సర్' అంది.

అతను చెప్పాడు. ఒకటి మహబూబ్ బాషా చెప్పింది, ఆరేళ్లు నడిపినాడు, నమ్మండి. రెండు నా పాత స్టూడెంటు ఒకాయన చెప్పింది, మీ అమెరికాలోనే నడిపినాడు, నమ్మండి. స్టాప్ బోర్డు సంగతి ముగ్గురు చెప్పినారు, నమ్మండి. పదకొండు రౌండు సంగతి, మస్కట్‌ది, మీ ఊర్లో ఎవరినన్నా ఒకసారి అడగండి. ఇలా ఇరవై ఎనిమిదీ అయ్యాయి. ఒక్కోటి చెబుతుంటే ఏళ్ల తరబడి ఎంతమందిని కూర్చోబెట్టి అడిగాడో అతనికే వింతగా అనిపించింది. ఆఖరికి కడపటి మూడింటి దగ్గరికి వచ్చాడు.

'ఆ మూడూ నేను పుట్టించినవి. కొట్టేయండి. పోలీసుది చెప్పినా కదా. లైటుది, అంబులెన్సుది నాకు తెలీదు మేడమ్. తెలీదు. తెలిసినోళ్లను అడగండి.'

'అవి టీమ్‌లో కనుక్కుంటాను సర్' అంది వర్షిణి. పెన్నుతో గట్టిగా గీస్తున్న చప్పుడు ఇక్కడికి వినిపించింది. తర్వాత, 'ఇది ముందే చెప్పుండాల్సింది సర్' అంది. ఆ మాటలో కోపం లేదు. అందుకే అది ఎక్కువ తగిలింది. 'అక్క ఉన్నారా?'

మునిలక్ష్మి ఫోను అందుకుంది. 'బాగుండావా బిడ్డా? టైముకు తింటా ఉండావా?' అని ఎప్పటి గొంతుతోనే అడిగింది, ఏదో చెబితే నవ్వింది కూడా. ఫోను పెట్టేశాక మాత్రం అతని వైపు చూడకుండా ముందు నడిచింది. బూత్ నుంచి ఇంటికి అయిదు నిమిషాల దారి. దారిలో పూలమ్మితో కూడా మాట్లాడలేదు.

స్కూలు వెనకే వాళ్ల రెండు గదుల ఇల్లు. వంటింట్లోకి వెళ్లి స్టవ్ వెలిగించి, పాలు పెట్టి, అప్పుడు అడిగింది.

'దుప్పటి?'

'బొంబాయి బజార్లో కొన్నా.'

'సెంటు?'

'అదీ ఆన్నే.'

'మాకు మొదట ఒక బడిపంతులు సంబంధం వచ్చింది, తెలుసునా నీకు? మా నాయన వద్దన్నాడు. మస్కట్ చూసొచ్చినోడు ఉండాడు, లోకం తెలిసినోడు అన్నాడు. నాకూ నువ్వే నచ్చినావు. మస్కట్ కోసరం కాదు. కానీ నువ్వు యేం చెప్పినా నిజమే చెప్తా ఉండావని నమ్మినా చూడు, అది తలుచుకుంటే కడుపు రగులుతా ఉండాది.'

పాలు పొంగాయి. ఆమె దించలేదు, అతనే దించాడు. తొమ్మిదేళ్లలో మొదటిసారి అతనికి ఒళ్లు తేలికగా ఉంది. సిగ్గుగానూ ఉంది, భార్య ముఖం చూస్తే ఏడుపూ వస్తోంది, అయినా ఛాతీ మీద కూర్చున్నవాడెవడో లేచి పక్కకు జరిగినట్టుంది.

'తప్పయింది లచ్చిమీ. ఈ పొద్దే పెయింటర్ను పిలుస్తా. మస్కట్ పేరు తీసేస్తా. వచ్చేవాళ్లకు ఉండేది ఉన్నట్టు చెప్పేస్తా. నేర్పేది మంచిగా నేర్పుతా ఉండా కదా, వచ్చేవాళ్లు వస్తారు.'

మునిలక్ష్మి అతన్ని తేరిపార చూసింది.

'తీసేస్తావా? తీసేసి మా నాయనకు యేం చెప్తావు? చందాపురలో ప్రతి పెండ్లిలో నీ మాటే చెప్పుకుంటాడు ముసలాయన. చైత్రను బడిలో నీ నాయన దొంగ అంటే దానికి నేను యేం చెప్పాల? నీ దగ్గర నేర్చుకోని పోయిన వాళ్లందరూ వాకిట్లోకొచ్చి అడుగుతారు, వాళ్లకు యేం చెప్పాల?' ఆమె గొంతు పెద్దది కాలేదు. 'ఆ బిడ్డకు చెప్పినావు, మంచి పని చేసినావు. దాని ప్రాణం కోసరం చెప్పినావు. నీ మనసు తేలిక కోసరం మమ్మల్ని బజార్లో నిలబెట్టొద్దు. పేరు తీసేది లేదు.'

'మల్ల నేను యెట్ల ఉండేది లచ్చిమీ?'

'ఇన్నేండ్లు యెట్ల ఉండావో అట్లే ఉండు. తెలీనిది అడిగితే తెలీదని చెప్పు, దానికి ఎవురూ సచ్చిపోరు. అంతే.'

ఆమె ముఖం కడుక్కుని, కొప్పు సరిచేసుకుని, ముందు గదిలోకి వెళ్లి టేబుల్ దగ్గర కూర్చుంది. తొమ్మిదయింది. దామోదర్ కారు తాళాలు తీసుకుని ఆమె వెనకే వచ్చి గుమ్మం దగ్గర ఆగాడు. అప్పటికే ఒక కొత్త జంట వచ్చి కుర్చీల్లో కూర్చుని ఉంది. వచ్చే నెల కెనడా ప్రయాణమట. భర్త గోడల వంక చూసి, కొంచెం అనుమానంగా అడిగాడు.

'మేడమ్, సర్ నిజంగానే మస్కట్‌లో డ్రైవ్ చేశారా? లేక జస్ట్ పేరేనా?'

దామోదర్ నోరు తెరిచాడు. మునిలక్ష్మి తల ఎత్తలేదు. దరఖాస్తు కాగితం వాళ్ల వైపు జరిపింది. ఆ చెయ్యి ఇంతకుముందు కొన్ని వందలసార్లు ఆ కాగితాన్ని జరిపిన చెయ్యే.

'మూడేండ్లు' అంది. 'ఆ ఊరి రోడ్లన్నీ ఆయనకు కొట్టిన పిండి. రాత్రి కల్లో కూడా ఆడనే తిరుగుతా ఉంటాడు. ఇక్కడ సంతకం చేయండి.'